పాల పోటీ రోజున చేతులు వణికితే

కుటుంబ దీపం



ఈ నెల మన ముందున్న ఉత్తరం పల్నాడు ప్రాంతంలోని ఒక పల్లె సంఘం నుండి వచ్చింది. రాసిన చెల్లెలు తన పేరు, ఊరు ప్రకటించవద్దని కోరింది. ఉత్తరం పొడుగైనది గనుక ముఖ్యమైన మాటలు మాత్రం ఇక్కడ ఇస్తున్నాము.

"అక్కా, మాకు రెండెకరాల మెట్ట, మూడు గేదెలు ఉన్నాయి. పాల డబ్బుతోనే ఇల్లు గడుస్తున్నది. మూడవ ఈతలో ఉన్న మా ముర్రా గేదె ఇంటి దగ్గర రెండు పూటలకు కలిపి 12 లీటర్లు ఇస్తుంది. దూడగా ఉన్ననాటి నుండి దాన్ని నేనే సాకాను. నా చేతికి తప్ప చేపదు. పోయిన సంక్రాంతికి జరిగిన పాల పోటీకి మా ఆయన దాన్ని తోలుకెళ్లారు. చుట్టూ జనం, మైకు, పక్కన తూకం పట్టుకొని ఆఫీసర్లు. తపేలా పట్టుకొని కూర్చోగానే నా చేతులు వణికాయి, నోరు ఎండిపోయింది. గేదె ఎగచేపింది. రెండు పూటలకు కలిపి 8 లీటర్లు దాటలేదు. మా ఆయన అందరి ఎదుట నన్ను అనరాని మాటలన్నారు. గేదెను పలుపుతాడుతో కొట్టారు. అప్పటినుండి ఇంట్లో మాటలు తక్కువైపోయాయి.

ఈ సంక్రాంతికి మళ్లీ పేరు ఇచ్చారు. 'ఈసారైనా నా పరువు నిలబెట్టు' అంటున్నారు. ఒక సూది వేయిస్తే పాలన్నీ దిగుతాయని పక్కింటివారు చెప్తున్నారు. మా పాపకు 11 ఏళ్లు. లేగదూడల పోటీలో పెయ్యదూడను తనే నడిపించాలట. ఆ మాట విన్నప్పటినుండి పిల్ల సరిగా అన్నం తినడం లేదు. నేను రోజూ ప్రార్థన చేస్తున్నాను గాని, పోటీ తలచుకుంటే వణుకు వస్తూనే ఉంది. ఇది నా అవిశ్వాసమా అక్కా? నేను రానని చెప్పేయాలా?"

చెల్లీ, నీ ఉత్తరంలో ఒక్క ప్రశ్న కాదు, నాలుగైదు ఉన్నాయి. ఒక్కొక్కటిగా చూద్దాం. గేదెలు లేనివారు కూడా ఇది చదవవచ్చు. క్రిస్మస్ కార్యక్రమంలో పాట పాడబోయే పిల్లలకు, సంఘంలో మొదటిసారి సాక్ష్యం చెప్పబోయే వారికి, పరీక్ష గదిలో కూర్చునే కుమారునికి పట్టే వణుకూ ఇదే.

వణుకు అవిశ్వాసమా?

ముందుగా నీ మనసు తేలికపడనీ. చేతులు వణకడం పాపము కాదు. అపొస్తలుడైన పౌలు కొరింథు సంఘానికి రాస్తూ, తాను వారి మధ్యకు బలహీనతతోను భయముతోను ఎంతో వణుకుతోను వచ్చానని దాచకుండా ఒప్పుకున్నాడు (1 కొరింథీ 2:3). పౌలును ఎవరైనా అవిశ్వాసి అంటారా? గెత్సేమనే తోటలో మన ప్రభువు వేదనపడినప్పుడు ఆయన చెమట నేలపడిందని లూకా రాశాడు. భయము శరీరానిది. ఆ భయాన్ని ఎవరి దగ్గరకు తీసుకెళ్తున్నాము అన్నదే విశ్వాసానికి సంబంధించినది. నువ్వు ప్రార్థనకు తీసుకెళ్తున్నావు. అది సరైన చోటే.

దేవుడు మన శరీరాన్ని అలాగే చేశాడు. పదిమంది చూస్తున్నారు, తేడా వస్తే నవ్వుతారు అని మనసుకు తోచగానే, మూత్రపిండాల మీద ఉన్న చిన్న గ్రంథులు అడ్రినలిన్ అనే పదార్థాన్ని రక్తంలోకి వదులుతాయి. గుండె వేగం పెరుగుతుంది. ఊపిరి పైపైన ఆడుతుంది. నోరు ఎండుతుంది, అరచేతులు చెమరుస్తాయి, కండరాలు బిగుస్తాయి. పాము ఎదురైనప్పుడు మనలను కాపాడేది ఈ ఏర్పాటే. కానీ పొదుగు దగ్గర కూర్చున్నప్పుడు పరుగెత్తే పని లేదు కదా! ఖర్చుకాని ఆ బలమే వణుకుగా బయటపడుతుంది.

కొంచెం కంగారు మంచిదే. 1908లో యెర్క్స్, డాడ్సన్ అనే ఇద్దరు అమెరికా శాస్త్రజ్ఞులు ఎలుకల మీద ప్రయోగం చేసి ఒక సంగతి గమనించారు. ప్రేరేపణ బొత్తిగా లేకపోతే పని నేర్వడం సాగదు, మితంగా ఉంటే బాగా సాగుతుంది, మితిమీరితే చెడుతుంది. పని కష్టమైనదైతే ఇంకా త్వరగా చెడుతుంది. మనుషుల విషయంలోనూ చాలావరకు ఇదే చూస్తాము. కాబట్టి వణుకును పూర్తిగా చంపాలని పోరాడవద్దు. దాన్ని మితంలో ఉంచుకుంటే చాలు.

నీ భయం గేదెకు ఎలా తెలుస్తుంది?

పశువుల్ని పోటీకి తీసుకెళ్లేవారికి, పాటల పోటీకి వెళ్లేవారికి ఒక తేడా ఉంది. పాట పాడేవాడి భయం వాడి గొంతుతో ఆగిపోతుంది. పశువును పట్టుకున్నవాడి భయం ఆ పశువులోకి కూడా వెళ్తుంది.

కుక్కల ప్రదర్శనల్లో పాల్గొనేవారు ఈ మాట తరచు చెప్తుంటారు. ఇంగ్లండులో క్రఫ్ట్స్ అనే పేరుగల కుక్కల ప్రదర్శన 1891 నుండి ఉన్నది. మన దేశంలో కెన్నెల్ క్లబ్ 1896లోనే మొదలైంది. యజమాని చేతిలోని భయం పట్టీ వెంట దిగి కుక్క మెడకు చేరుతుందని ఆ రంగంలోని పెద్దల అనుభవం. ఇంట్లో చక్కగా నిలబడే కుక్క, న్యాయనిర్ణేత ముందుకు రాగానే తోక ముడుచుకుంటుంది. చాలాసార్లు న్యాయనిర్ణేతను చూసి కాదు, తన యజమాని చెయ్యి బిగుసుకుందని.

శాస్త్రజ్ఞులు కూడా దీన్ని పరీక్షించారు. 2009లో స్వీడన్ దేశంలో కొందరికి గుర్రాల్ని అప్పగించి, ఒక దారి వెంట నాలుగుసార్లు నడిపించారు. నాలుగవసారి వెళ్తున్నప్పుడు పక్కన గొడుగు టక్కున తెరుస్తామని మనుషులకు ముందే చెప్పారు. నిజానికి గొడుగు తెరవలేదు. అయినా నాలుగవసారి మనుషుల గుండె వేగం పెరిగింది, దానితోపాటు గుర్రాల గుండె వేగమూ పెరిగింది. గుర్రానికి గొడుగు సంగతి తెలియదు. దాన్ని పట్టుకున్న మనిషి భయపడ్డాడని మాత్రం తెలిసింది. అదే స్వీడన్లో 2019లో మరొక పరిశోధన ప్రచురించారు. యజమానుల తలవెంట్రుకల్లో, వారి కుక్కల వెంట్రుకల్లో ఒత్తిడికి గుర్తయిన కార్టిసాల్ ఎంత ఉందో కొలిచారు. నెలల తరబడి ఒత్తిడిలో ఉన్న యజమానుల కుక్కల్లో కూడా అది ఎక్కువగానే కనబడింది.

అంటే పోటీనాటి భయమే కాదు, ఇంట్లో రోజూ ఉండే వాతావరణం కూడా పశువుకు అంటుతుంది. చెల్లీ, సంవత్సరం పొడుగునా మీ ఇంట్లో ఉన్న మౌనాన్ని మీ గేదె కూడా మోస్తూ ఉండవచ్చు.

పాలు చేపడం వెనుక దేవుని ఏర్పాటు

ఇప్పుడు ఆ రోజు 4 లీటర్లు ఎక్కడికి పోయాయో చూద్దాం. అవి ఎక్కడికీ పోలేదు. పొదుగులోనే ఉన్నాయి.

దూడ మూతి తగిలినా, పరిచయమైన చెయ్యి చన్నుల్ని నిమిరినా ఆ కబురు నరాల గుండా మెదడుకు వెళ్తుంది. మెదడు అడుగున ఉన్న గ్రంథి నుండి ఆక్సిటోసిన్ అనే పదార్థం రక్తంలోకి వస్తుంది. అది పొదుగుకు చేరి, పాలగదుల చుట్టూ ఉన్న సన్నని కండరాల్ని బిగిస్తుంది. అప్పుడు పాలు కిందికి దిగుతాయి. చేపడం అంటే ఇదే. మన తల్లులు బిడ్డకు పాలిచ్చేటప్పుడు జరిగేది కూడా ఇదే.

పశువు బెదిరినా, కొత్తచోటికి వచ్చినా ఆక్సిటోసిన్ సరిగా విడుదల కాదు. విడుదలైనా అడ్రినలిన్ అడ్డం పడుతుంది. పొదుగుకు పోయే రక్తనాళాలు ముడుచుకుంటాయి, కండరాలు బిగియవు. ఆవు విషయంలో, చేపక ముందే చన్నుల పైభాగపు ఖాళీలో సుమారు అయిదోవంతు పాలు సిద్ధంగా ఉంటాయి. గేదెకు అలా ఉండేవి చాలా తక్కువ, నూటికి అయిదు పాళ్ల దాకా మాత్రమే. మిగిలినదంతా చేపితేనే దిగుతుంది. అందుకే గేదె ఎగచేపితే నష్టం ఎక్కువ. నీ చేతిలో పనితనం తగ్గలేదు, గేదెలో జాతి తగ్గలేదు. ఇద్దరూ భయపడ్డారు, అంతే.

ఈ మాట అన్నయ్యగారికి

ఈ భాగం మా చెల్లెలి భర్తగారి కోసం రాస్తున్నాను. అన్నయ్యగారూ, కోపం తెచ్చుకోకుండా చదవండి.

మీరు కష్టజీవులు. మేత ఖర్చు, దాణా ఖర్చు భరించి పశువును పెంచారు. పదిమందిలో దాని పేరు రావాలని కోరుకోవడం తప్పు కాదు. అయితే 1999లో ఒక పాడి శాస్త్ర పత్రికలో వచ్చిన పరిశోధన గురించి మీరు తెలుసుకోవాలి. కొన్ని ఆవుల్ని ఒక మనిషి చేత మెల్లగా, మరొక మనిషి చేత కటువుగా చూడనిచ్చారు. తరువాత పాలు తీసేటప్పుడు కటువుగా చూసిన మనిషిని దగ్గర నిలబెట్టారు. అతడు ఏమీ అనలేదు, ఏమీ చేయలేదు. ఊరికే నిలబడ్డాడు. పిండిన తరువాత పొదుగులో మిగిలిపోయిన పాలు 70 శాతం ఎక్కువయ్యాయి.

అన్నయ్యగారూ, గేదెను కొట్టిన చెయ్యి దానికి గుర్తుంటుంది. మీరు పలుపుతాడు పట్టుకొని పక్కన నిలబడితే అది చేపుతుందా?

సంఖ్యాకాండము 22వ అధ్యాయంలో బిలాము కథ మనందరికీ తెలుసు. మోయాబు అధికారులతో కలిసి అతడు ప్రయాణమయ్యాడు. గాడిద మొదట పొలంలోకి తిరిగింది, తరువాత గోడకు ఒరిగి అతని కాలు నొక్కింది, చివరకు కింద పడుకుంది. మూడుసార్లూ బిలాము దాన్ని కొట్టాడు. ఎందుకు కొట్టావని గాడిద అడిగితే, నన్ను ఎగతాళిపాలు చేశావు గనుక అన్నాడు. చూశారా? అతని బాధ గాడిద గురించి కాదు, తన పరువు గురించి. కానీ ఆ గాడిద దారిలో నిలిచిన దూతను చూసింది, తన యజమాని ప్రాణాన్ని కాపాడింది. యజమానికి కనబడని అపాయం పశువుకు కనబడింది. మీ గేదె కూడా ఆ రోజు మీకు ఏదో చెప్పింది. ఈ చోటు నాకు భయంగా ఉంది, నా అమ్మ చేతులు వణుకుతున్నాయి అని చెప్పింది.

నీతిమంతుడు తన పశువుల ప్రాణం విషయంలో శ్రద్ధ చూపిస్తాడని సామెతలు 12:10 బోధిస్తున్నది. భర్తలు తమ భార్యల పట్ల కఠినంగా ఉండకూడదని కొలస్సయి 3:19 చెబుతున్నది. ఈ రెండూ ఒకే హృదయం నుండి వస్తాయి. పోటీకి ముందు మీరు చేయవలసిన మొదటి పని మేత మార్చడం కాదు. ఒక సాయంత్రం కుటుంబ ప్రార్థన అయ్యాక, పోయిన ఏడాది అన్న మాటలకు మీ భార్యను క్షమాపణ అడగండి. పిల్ల కూడా వినాలి, ఎందుకంటే ఆ తిట్లు కూడా పిల్ల విన్నది.

సూది సంగతి

పక్కింటివారు చెప్పిన సూది ఆక్సిటోసినే. అది వైద్యుని చీటీ మీద, వైద్యుని అవసరం కోసం ఉన్న మందు. చేపించడానికి రోజూ వాడితే పశువు దానికి అలవాటుపడి, సూది లేకుండా చేపడమే మానేస్తుంది. ఆరోగ్యానికి హాని కలిగేలా పాలకోసం సూదులు వేయడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం నేరం. ఇవన్నీ అలా ఉంచి, మనము విశ్వాసులము. సూదితో గెలిచిన బహుమతిని కృతజ్ఞతార్పణలో ఏ ముఖంతో చెప్పుకుంటాము? ఆ మాట ఇంట్లోకి రానివ్వవద్దు.

నెల రోజుల ముందు నుండి

దావీదు గొల్యాతు మీదికి వెళ్లేటప్పుడు సౌలు తన కవచం తొడిగాడు. దావీదు రెండడుగులు వేసి చూసి, ఇవి నాకు అలవాటు లేవని విప్పేశాడు. అలవాటైన వడిసెల పట్టుకొని వెళ్లాడు (1 సమూయేలు 17). పోటీకి వెళ్లే ప్రతివారికీ ఇది మంచి సూత్రం. ఆ రోజున కొత్తది ఏదీ ఉండకూడదు. కొత్తగా కనబడబోయేవాటిని ముందే పాతవి చేసుకోవాలి.

1. నియమాలు ముందే అడగండి. మీ పశువైద్యుని దగ్గరకు వెళ్లి, పాలు ఎన్ని పూటలు తీస్తారు, ఏ వేళకు తీస్తారు, దూడను విడవనిస్తారా, తూకం ఎలా వేస్తారు అన్నీ తెలుసుకోండి. సాధారణంగా ముందు పూట అందరి ఎదుట పొదుగు ఖాళీ చేయించి, ఆ తరువాతి పూటల పాలు తూస్తారు. తెలియనితనం తగ్గితే సగం భయం తగ్గుతుంది.

2. వేళ కుదర్చండి. పోటీలో తెల్లవారి 6 గంటలకు పిండాలంటే, మూడు వారాల ముందునుండే ఇంటి దగ్గర 6 గంటలకే పిండండి.

3. గేదెకు జనాన్ని అలవాటు చేయండి. మొదటి వారం పొరుగింటి ఆడవారిని ఇద్దరిని చావిడి బయట నిలబడమనండి. రెండవ వారం నలుగురు లోపలికి రావచ్చు. మూడవ వారం కొంచెం దూరంలో రేడియో పెట్టండి, మెల్లగా శబ్దం పెంచండి. గేదె తల ఎత్తి బెదిరితే ఒక అడుగు వెనక్కు వెళ్లండి, తొందరపడవద్దు. యాకోబు ఏశావుతో ఏమన్నాడో జ్ఞాపకం చేసుకోండి. పిల్లలు పసివారు, మందలో పాలిచ్చేవి ఉన్నాయి, ఒక్కరోజు వడిగా తోలినా చస్తాయి, వాటి నడకకు తగినట్టే వస్తానన్నాడు (ఆదికాండము 33).

4. నువ్వు కూడా అలవాటుపడు. చూసేవారు ఉండగా పిండి, పాలు అక్కడే తూయించు. తగ్గినా పెరిగినా ఎవరూ వ్యాఖ్యానించకూడదని ముందే చెప్పు. పదిసార్లు జరిగిన పని పదకొండవసారి భయపెట్టదు.

5. చోటు మార్చి చూడండి. వారానికి ఒకసారి గేదెను బంధువుల దొడ్లో కట్టి అక్కడ పిండండి. లారీ ఎక్కించవలసి వస్తే, ముందే ఒకసారి ఎక్కించి, దాణా పెట్టి, దించండి.

6. మేత మార్చవద్దు. పోటీ కోసమని చివరి వారంలో దాణా ఎక్కువ పెడితే కడుపు చెడుతుంది. పోటీకి వెళ్లేటప్పుడు ఇంటి మేత, ఇంటి దాణా గంప, పాత పలుపు, రోజూ వాడే తపేలా తీసుకెళ్లండి. తపేలాను ముందురోజు బాగా కడిగి ఎండబెట్టండి.

ఆ రోజున

వీలైతే ఒక రోజు ముందే చేరుకోండి. గేదె ఆ నేలను వాసన చూడాలి, అక్కడి నీళ్లు తాగాలి, పడుకొని నెమరు వేయాలి. నెమరు వేస్తున్న గేదె నెమ్మదిగా ఉందని గుర్తు.

నీ వంతు రావడానికి పావుగంట ముందు పక్కకు వెళ్లు. నాలుగు లెక్కపెట్టేంతసేపు ముక్కుతో ఊపిరి తీసుకో, ఆరు లెక్కపెట్టేంతసేపు మెల్లగా వదులు. పదిసార్లు చెయ్యి. ఊపిరి పొడుగ్గా వదిలినప్పుడు గుండె వేగం తగ్గేలా దేవుడు మన నరాల్ని అమర్చాడు. ప్రార్థించే వారికి ఇది సులువు. ఊపిరి తీసుకుంటూ ప్రభువా అను, వదులుతూ నీ చేతికి అప్పగిస్తున్నాను అను.

భయపడకు, భయపడకు అని నీకు నువ్వే చెప్పుకోవద్దు. అలా చెప్పుకుంటే భయమే జ్ఞాపకం వస్తుంది. 2014లో అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయం నుండి వచ్చిన ఒక అధ్యయనంలో, పాడబోయే ముందు, మాట్లాడబోయే ముందు, లెక్కలు చేయబోయే ముందు నాకు ఉత్సాహంగా ఉంది అని చెప్పుకున్నవారు, నెమ్మదిగా ఉన్నానని చెప్పుకున్నవారికంటె బాగా చేశారు. గుండె దడ ఎలాగూ ఉంటుంది, దానికి పేరు మార్చాలి. నా గేదె ఎంత మంచిదో పదిమంది చూడబోతున్నారు అని చెప్పుకో.

కూర్చోగానే చన్ను పట్టవద్దు. ముందు మెడ నిమురు, వీపు నిమురు, రోజూ పిలిచే పేరుతో పిలువు. గోరువెచ్చని నీళ్లతో పొదుగు తుడువు. గేదె చేపడానికి ఆవుకంటె ఎక్కువ సేపు, రెండు నిమిషాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. ఆ రెండు నిమిషాలు జనం ముందు రెండు గంటల్లా ఉంటాయి. లోలోపల ఒక కీర్తన పాడుకో. ఇంటి దగ్గర పాలు తీసేటప్పుడు రోజూ అదే కీర్తన సన్నగా పాడుతూ ఉంటే, అక్కడ కూడా అదే వినబడినప్పుడు గేదెకు ఇల్లు జ్ఞాపకం వస్తుంది. చన్నులు నిండి బిగిశాక ఆపకుండా పిండు. ఆక్సిటోసిన్ పనిచేసేది కొద్ది నిమిషాలే. నీ చూపు తపేలా మీద, పొదుగు మీద ఉండనీ. తూకం వైపు, జనం వైపు చూడవద్దు.

అన్నయ్యగారు ఆ వేళకు కాస్త దూరంగా ఉండటం మేలు. అలిగి వెళ్లినట్టు కాదు, నీకోసం ప్రార్థించడానికి. అది కూడా పనిలో భాగమే.

పాప విషయం

పిల్ల అన్నం మానేసిందంటే ఆ భారం దానికి ఎక్కువైందని అర్థం. పాప పోటీకి రావడం పాప ఇష్టం మీద ఉండాలి. బలవంతం చేయవద్దు. తానే వస్తానంటే మాత్రం రోజూ సాయంత్రం చల్లవేళ దూడను పావుగంట నడిపించనీ. పగ్గం చేతికి చుట్టుకోకూడదు, దూడ లాగితే చెయ్యి నలుగుతుంది. పగ్గం వదులుగా పట్టుకొని, దూడ భుజం పక్కన నడవాలి. నిలబెట్టినప్పుడు నాలుగు కాళ్లూ సరిగా ఉండేలా చూసుకొని, మెడ కింద గోకితే దూడ కదలక నిలుస్తుంది. ఇంత తెలిస్తే చాలు.

పాప భయాల్ని ఒక కాగితం మీద రాయమను. 2011లో చికాగో విశ్వవిద్యాలయం వారు, పరీక్షకు ముందు పది నిమిషాలు తమ దిగుళ్లను రాసుకున్న విద్యార్థులు మంచి మార్కులు తెచ్చుకున్నారని గమనించారు. దావీదు తన భయాలన్నిటినీ కీర్తనల్లో దేవుని ముందు కుమ్మరించలేదా? పాప రాసిన కాగితాన్ని ఇద్దరూ కలిసి చదివి, ఒక్కొక్క మాట మీద ప్రార్థించండి. ఆ కాగితంలో "నాన్న తిడతాడు" అని ఉంటే దాన్ని దాచవద్దు. నాన్నకు మెల్లగా చూపించు.

మరి, వెళ్లాలా మానాలా?

చెల్లీ, భయం ఉంది గనుక మానవద్దు. భయపడి మానేస్తే భయం ఇంకా పెరుగుతుంది. కానీ అవమానం మళ్లీ జరుగుతుందని తెలిసీ వెళ్లనవసరం లేదు. ఈ రెండూ వేర్వేరు సంగతులు. కాబట్టి నీ భర్తతో నెమ్మదిగా మూడు మాటలు చెప్పు. ఎన్ని లీటర్లు వచ్చినా నన్నుగాని గేదెనుగాని అక్కడ ఒక్కమాట అనకూడదు. సూది వేయించకూడదు. పాపను బలవంతపెట్టకూడదు. ఈ మూడింటికి ఒప్పుకుంటే సంతోషంగా వెళ్లు. ఒప్పుకోకపోతే ఈ ఏడు రానని గౌరవంగా చెప్పు. అది అవిధేయత కాదు. ఒంటరిగా చెప్పలేకపోతే పాస్టరు గారిని, పాస్టరమ్మగారిని ఇంటికి పిలిచి వారి ఎదుట మాట్లాడు. మాటలు దాటి చెయ్యి చేసుకునే దాకా వస్తే ఓర్చుకొని దాచిపెట్టవద్దు. సంఘ పెద్దలకు, నీ పుట్టింటివారికి వెంటనే తెలియజెయ్యి.

ఒక లెక్క కూడా చెప్తాను. పోటీ సంవత్సరానికి ఒక రోజు. నీ గేదె ఈతకు సుమారు పది నెలలు పాలిస్తుంది. మీ పాపకు పుస్తకాలు కొన్నది ఆ బహుమతి బిందె కాదు, నువ్వు చీకటితో లేచి పిండిన పాలు. ఆ పాలను తూచే ఆఫీసరు లేడు, చప్పట్లు కొట్టే జనం లేరు. అయినా రహస్యమందు చూచే తండ్రి ప్రతి పూటా చూస్తూనే ఉన్నాడు. ఆయన ఎదుట నువ్వు ఎన్నడూ ఓడిపోలేదు.

పోటీ అయ్యాక ఎంత వచ్చినా, ఆ సాయంత్రం గేదెకు నీళ్లు పెట్టి, ముగ్గురూ కలిసి కూర్చొని భోజనం చేయండి. గెలిచినవారి దగ్గరకు వెళ్లి మంచి మాట చెప్పండి, వారు దాణా ఎలా పెడుతున్నారో అడగండి. మీ పాప ఆ రోజు నుండి నేర్చుకునేది లీటర్ల లెక్క కాదు, మీరు ఒకరితో ఒకరు ఎలా మాట్లాడుకున్నారు అన్నది.

ఈ నెల ప్రార్థన

ప్రేమగల తండ్రీ, మా చేతుల వణుకు నీకు తెలుసు. పదిమంది ఎదుట నిలబడవలసిన నీ బిడ్డలకు నెమ్మదినిమ్ము. నోరులేని జీవులను మా పరువుకోసం బాధించకుండా మమ్మును కాపాడుము. మా ఇండ్లలో కోపపు మాటలను తీసివేసి, క్షమించు మనసు దయచేయుము. గెలుపులోను ఓటమిలోను నీ సమాధానము మా హృదయాలకు కావలి ఉండనిమ్ము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.

కుటుంబ సమస్యల గురించి రాసే సహోదరీ సహోదరులు పేరు ప్రకటించవద్దనుకుంటే ఉత్తరంలోనే ఆ మాట తెలియజేయండి. మీ ఉత్తరాలన్నీ ప్రార్థనతో చదువుతున్నాము.

ప్రభువునందు మీ అక్క